ఆపకూడనివి, ఆపవలసినవి

ఉపాధ్యాయులు పాఠశాలకు బయలుదేరే ముందు మనస్సును ఎలా సిద్ధం చేసుకోవాలన్న విషయంపై ఇటీవల చాలా సలహాలు వినవస్తున్నాయి. శిక్షణ తరగతులలో కళ్ళు మూసుకొని అయిదు నిమిషాలు శ్వాసను గమనించమంటారు. అద్దంలో చూసుకొని చిరునవ్వు నవ్వమంటారు. నేను ప్రశాంతంగా ఉన్నానని ముమ్మారు అనుకోమంటారు. ఇవన్నీ మంచివే. నేనూ చేశాను. కాని 31 సంవత్సరాలు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న తరువాత నాకు కలిగిన అభిప్రాయం వేరు. ఉపాధ్యాయుల మానసిక సన్నద్ధతను గురించి మాట్లాడదలచినవారు మొట్టమొదట రెండు వస్తువులను గురించి మాట్లాడవలెను. ఒకటి మంచినీళ్ళ సీసా. రెండవది మరుగుదొడ్డి తాళంచెవి. పాఠకులు దీనిని హాస్యంగా భావించవద్దని మనవి.

నేను ఎక్కువ కాలం పనిచేసిన ప్రాంతం కొండాపూర్ పరిసరాలు. ఈ పేరు వినగానే చాలామందికి హైదరాబాదులోని అద్దాల మేడల కొండాపూర్ గుర్తుకు వస్తుంది. నేను చెప్పేది సంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడే వరకు అది మెదక్ జిల్లాలో ఉండేది. మా నివాసం రామచంద్రాపురంలో. పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటి సంగారెడ్డి చేరి, అక్కడ మరొక బస్సుగాని ఆటోగాని పట్టుకొనవలెను. నేను ఉదయం వెళ్ళే వేళకు ఎదురుగా కర్మాగారాల బస్సులు వచ్చేవి. రాత్రి పాళీ ముగించుకొన్న స్త్రీపురుషులు కిటికీలకు తల ఆనించి నిద్రపోతూ కనిపించేవారు. వారి పిల్లలలో కొందరు మా తరగతిలో కూర్చునేవారు. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

ఆ రోజులలో నా ఉదయం ఎలా గడిచేదో చెబితే ఈ పత్రిక చదివే గృహిణులకు కొత్తగా ఉండదు. నాలుగున్నరకు లేవడం, వంట, మూడు డబ్బాలు సర్దడం, అత్తగారికి మందులు, పరుగున బస్సు. ఉపాహారం ఒక రోజు ఉండేది, రెండు రోజులు ఉండేది కాదు. ఇక నీళ్ళ సంగతి. బస్సు ఎక్కే గంట ముందు నుండే నీళ్ళు మానివేసేదానిని. దారిలో ఆగడానికి చోటు లేదు. పాఠశాలలో మరుగుదొడ్డి ఒకటి ఉండేది గాని అందులో నీరు ఉండేది కాదు, దానికి వేసిన తాళంచెవి ఏ రోజు ఎవరి దగ్గర ఉంటుందో తెలిసేది కాదు. మగ ఉపాధ్యాయుల ముందు నిలబడి తాళంచెవి అడగడానికి సిగ్గు. కనుక ఉదయం ఏడు గంటల నుండి సాయంత్రం ఆరు గంటల వరకు రెండు గుక్కల నీటితో గడిపేదానిని. మా తోటి ఉపాధ్యాయినులందరూ అంతే. దీనిని మేము ఒక విధమైన నేర్పుగా కూడా భావించుకొన్నాము! కొత్తగా చేరిన అమ్మాయికి ఈ నేర్పు మేమే నేర్పేవాళ్ళం.

2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఒక వేసవి దినం. ఒంటిపూట బడులు ఇంకా మొదలు కాలేదు. మధ్యాహ్న భోజనానికి ముందటి పీరియడు. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు వరుసగా ఆవులిస్తున్నాడు. మొదటిసారి చూశాను. రెండవసారి పేరు పెట్టి పిలిచాను. మూడవసారి నా చేయి లేచింది. దెబ్బ చెంప మీద పడింది. వాడు ఏడవలేదు. ఏడుపును గుటక వేసి మింగాడు. తరగతి నిశ్శబ్దమైనది. ఆ నిశ్శబ్దాన్ని నేను క్రమశిక్షణ అనుకొన్నాను.

సాయంత్రం ఆయా చెప్పింది. వాడి తల్లి పాశమైలారం వైపు ఒక కర్మాగారంలో రాత్రి పనికి పోతుందట. తండ్రి ఊరిలో లేడు. ఏడాది నిండని చెల్లెలు జ్వరంతో రాత్రంతా ఏడిస్తే వాడే ఎత్తుకొని తిరిగాడట. ఉదయం ఏమీ తినకుండానే బడికి వచ్చాడట. అప్పటికి నా పొత్తికడుపు రాయిలా బిగిసి ఉన్నది, తల పగిలిపోతున్నది, గొంతు పెగలడం లేదు. పిల్లవానిని ఎందుకు కొట్టావని ఎవరైనా అడిగి ఉంటే వాడు ఆవులించాడని చెప్పేదానిని. నిజమైన కారణం నా దేహంలో ఉదయం నుండి పోగుపడుతూ వచ్చినది. అది తెలిసినందువలన తప్పు తగ్గదు. కొట్టినది నేనే.

ఆ ఆదివారం మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ఆయన ఊరిలో నాటువైద్యం చేస్తూ, సంస్కృత గ్రంథాలు స్వయంగా చదువుకొన్న మనిషి. మూత్రంలో మంట ఉన్నదని చెప్పడానికి వెళ్ళి, పిల్లవాని సంగతి కూడా చెప్పేశాను. ఆయన నాడి చూడలేదు.

"బడిలో నీళ్ళు ఎన్నిసార్లు తాగుతవు బిడ్డా?" అన్నాడు.

"తాగను మామయ్యా. తాగితే పోవడానికి చోటు లేదు."

"మరి కోపం ఎన్నిసార్లు వస్తది?"

నేను మాట్లాడలేదు. ఆయన లోపలికి పోయి చరక సంహిత తెచ్చి, సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం తెరిచాడు. "ఆపకూడనివి ఆపుతున్నవు. ఆపవలసినవి వదిలిపెడుతున్నవు. ఈ అధ్యాయాన్ని తలకిందులుగా పట్టుకొని బడికి పోతున్నవు" అన్నాడు.

ఆ అధ్యాయం పేరు నవేగాన్ధారణీయం. అందులో చరకుడు రెండు పట్టికలు ఇచ్చాడు. మొదటి పట్టికలో బలవంతంగా ఆపకూడని వేగాలు 13. మలమూత్రాలు, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలిగే ఆయాసం. రెండవ పట్టిక తప్పక ఆపవలసిన వేగాలది. అవి మనస్సుకు, వాక్కుకు, దేహానికి సంబంధించినవి. మనస్సుకు సంబంధించి లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైనవి. వాక్కుకు సంబంధించి పరుషమైన మాట, చాడీ, అసత్యం, సమయానికి తగని మాట. దేహానికి సంబంధించి పరులను పీడించుట, చౌర్యం, హింస.

రెండు పట్టికలు ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉండడం నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. దేహధర్మాలను, శీలాన్ని మనం వేరు వేరు గదులలో పెట్టి తాళం వేస్తాము. ఒకటి వైద్యునికి, మరొకటి నీతిశాస్త్రానికి అప్పగిస్తాము. చరకుడు అలా చేయలేదు. నా తరగతి గదిలో రెండూ ఎలా తారుమారైనాయో చూడండి. మొదటి పట్టికలోని మూత్రాన్ని, దప్పికను, ఆకలిని నేను ఆపుకొన్నాను. రెండవ పట్టికలోని క్రోధాన్ని, పరుష వాక్కును, హింసను విడిచిపెట్టాను. ఇక పిల్లవానిలో మొదటి పట్టికకు చెందిన ఆవులింతను, నిద్రను నేరంగా పరిగణించాను. చివరకు వాని కన్నీటిని కూడా ఆపివేశాను.

మూత్రవేగాన్ని ఆపితే మూత్రాశయంలో నొప్పి, మూత్రం కష్టంగా రావడం, తలనొప్పి కలుగుతాయని ఆ అధ్యాయం చెబుతుంది. దప్పికను ఆపితే గొంతు, నోరు ఎండిపోతాయని, అలసట కలుగుతుందని చెబుతుంది. ఆకలిని ఆపితే దౌర్బల్యం, కళ్ళు తిరగడం, అన్నం మీద అయిష్టం. ఉపాధ్యాయుల అనారోగ్యాలను ఎవరైనా వరుసగా వ్రాస్తే ఇదే పట్టిక వస్తుంది. ఎక్కువసేపు మూత్రం ఆపుకొని, నీళ్ళు తక్కువగా తాగేవారిలో మూత్రనాళ వ్యాధులు తేలికగా వస్తాయని నేటి వైద్యులూ హెచ్చరిస్తున్నారు. నీరు లేక ఎండిన గొంతుతో రోజంతా యాభై మందికి వినపడేలా మాట్లాడితే స్వరం బొంగురు పోక ఏమవుతుంది?

మా మామయ్య చెప్పినవి, నేను ఆచరించి మేలు పొందినవి ఇక్కడ వ్రాస్తున్నాను. ఉదయం పళ్ళు తోముకొన్న తరువాత ఒక చెంచాడు గోరువెచ్చని నువ్వుల నూనెను నోటిలో కొన్ని నిమిషాలు ఉంచుకొని ఉమ్మివేసి, వేడినీటితో పుక్కిలించవలెను. ఈ గండూషం దవడలకు, స్వరానికి బలాన్నిస్తుందని చరకుడు దినచర్యలో చెప్పాడు. గొంతు మరీ పట్టివేసిన రోజున చిన్న అతిమధురం ముక్కను నమిలి రసం మింగవచ్చు. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, కాళ్ళవాపు ఉన్నవారు, గర్భవతులు అతిమధురం జోలికి పోరాదు. ఒక చెంచాడు ధనియాలను రాత్రి గ్లాసెడు నీటిలో నానవేసి ఉదయం వడగట్టి తాగితే మూత్రంలో మంటకు ఉపశమనం కలుగుతుందని మన ఇళ్ళలో పూర్వం నుండి ఉన్న వాడుక. అయితే చలిజ్వరం, నడుము పక్కల నొప్పి, మూత్రంలో రక్తం కనిపించినప్పుడు ధనియాల నీళ్ళతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలెను. ఉపాహారం మానరాదు. ఏమీ వండలేని రోజున ముందటి రాత్రి కాచి పెట్టిన జొన్న అంబలిలో మజ్జిగ కలుపుకొని తాగినా చాలును. అంబలికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు ఎక్కడి నుండి వస్తాయని అడిగితే, మా ఇంట్లో మూడవ డబ్బాను మా వారు సర్దుకోవడం మొదలుపెట్టడం వలన వచ్చాయి.

ఇక మనస్సు సంగతి. దేహాన్ని ఇంతమాత్రం చక్కబెట్టుకొన్న తరువాతనే మనస్సును సిద్ధం చేసుకోవడం నాకు సాధ్యమైనది. బస్సు కంది దాటగానే పుస్తకం మూసివేసి ముగ్గురు పిల్లలను తలచుకొనేదానిని. నిన్న నాకు కోపం తెప్పించినవాడు, నిన్న రానివాడు, వారం నుండి నోరు విప్పనివాడు. మొదటివానితో ఈ రోజు నేను పలుకబోయే మొదటి వాక్యం ఏమిటో నిర్ణయించుకొనేదానిని. అది వాడు చేసిన తప్పుకు సంబంధించినది కాకుండా చూసుకొనేదానిని. "మీ చెల్లెలికి జ్వరం తగ్గిందా?" అన్నది అటువంటి వాక్యమే. పాఠం సిద్ధం చేసుకోవడం ఎలాగూ రాత్రే అయ్యేది. పిల్లవాని ముఖాన్ని సిద్ధం చేసుకోవడం దానికన్నా కష్టమైన పని. రెండు మూడు రోజులు మాని చూస్తే తేడా తెలుస్తుంది.

తరగతిలో కోపం లేచినప్పుడు సీసా తీసి నోటినిండా నీళ్ళు తీసుకొని మెల్లగా మింగడం మామయ్య నేర్పిన మరొక చిట్కా. నోటిలో నీళ్ళు ఉన్నంతసేపు పరుషమైన మాట రాదు. పిల్లలు కూడా దీనిని కనిపెట్టారు. "మేడమ్ నీళ్ళు తాగుతున్నరు" అని ఒకరికొకరు సైగ చేసుకొని సర్దుకునేవారు! దప్పిక తీరేది, కోపమూ ఆగేది.

సన్నద్ధత అంటే గుండె దిటవు చేసుకోవడమే అనుకొంటే రోజులు భారమవుతాయి. ఏదైనా ఇవ్వడానికి పట్టుకొని వెళ్ళే ఉత్సాహం కూడా ఉండాలి. మాకు ఆ భాగ్యం ఊరి దగ్గరనే ఉన్నది. కొండాపూర్ సమీపంలోని దిబ్బను కోటగడ్డ అంటారు. 1940వ దశకం తొలి సంవత్సరాలలో హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖ గులాం యజ్దానీ గారి ఆధ్వర్యంలో అక్కడ త్రవ్వకాలు జరిపితే శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, రోము దేశపు బంగారు నాణెం కూడా దొరికాయి. అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో వాటిని చూడవచ్చు. గుంటూరు, అమరావతి పేర్లు పాఠంలో చదివే పిల్లలకు, వాళ్ళు మేకలు మేపే దిబ్బ కింద కూడా ఆ రాజుల నాణేలు ఉండేవని చెప్పిన రోజున నేను బస్సులో ఎంత తొందరపడ్డానో ఇప్పటికీ గుర్తున్నది. అటువంటి రోజున మనస్సును సిద్ధం చేసుకోనక్కరలేదు. అదే ముందు నడుస్తుంది.

అన్ని రోజులూ అలా ఉండవు. 2025 జూన్ 30వ తేదీ సోమవారం నాడు పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో చాలామంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి దూర రాష్ట్రాల నుండి వచ్చినవారు. అప్పటికి నేను విశ్రాంతిలో ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఈ ప్రాంతపు తరగతి గదులలో హాజరు పిలవవలసినవారు ఏమి తలచుకొని బయలుదేరి ఉంటారా అని ఆలోచించాను. పాఠ్యప్రణాళికలో అటువంటి రోజుకు గడి లేదు. చరకుని రెండు పట్టికలలో ఒక విచిత్రం ఉన్నది. శోకాన్ని ఆపుకోవలసిన వాటిలో చేర్చాడు, కన్నీటిని ఆపకూడని వాటిలో చేర్చాడు. మొదట్లో ఇది పరస్పర విరుద్ధంగా తోచింది. ఆ రాత్రి అర్థమైనది. శోకంలో మునిగిపోరాదు గాని, వచ్చిన కన్నీటిని మింగరాదు. పిల్లవాడు తరగతిలో ఏడిస్తే "ఏడవకు" అనకుండా పక్కన కూర్చోగల మనస్సును ఆ ఉదయం తెచ్చుకోగలిగితే, ఆ దినానికి అదే పాఠం.

దెబ్బ పడకపోతే చదువు రాదనేవారు ఇప్పటికీ ఉన్నారు. తల్లిదండ్రులే వచ్చి "కొట్టండి టీచరమ్మా, మేమేమీ అనుకోము" అని చెప్పిపోతారు. వారిది ప్రేమే, కాదనను. కాని మేము కొట్టిన దెబ్బలలో ఎన్ని పిల్లవాని మేలు కోరి పడ్డాయి, ఎన్ని మా ఆకలి, మా అలసట వలన పడ్డాయి అని నన్ను నేను లెక్క అడుగుకొంటే నాకు తెల్లవారదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. దాని 17వ సెక్షను పిల్లలకు దేహశిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. నేను చేయి చేసుకొన్న నాటికి ఆ చట్టం లేదు. లేదు కనుక తప్పు కాదని నేను అనను.

అదే చట్టంలోని షెడ్యూలును ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఒకసారి చదవాలని నా కోరిక. ఉపాధ్యాయుని వారపు పని 45 గంటలని, అందులో సన్నద్ధత గంటలు కూడా చేరి ఉన్నాయని అక్కడ వ్రాసి ఉన్నది. అంటే సిద్ధం కావడం కూడా ఉద్యోగంలో భాగమని చట్టమే అంగీకరించింది. ఆచరణలో ఆ గంటలు ఎక్కడ ఉన్నాయి? బస్సులో ఉన్నాయి, వంటింటిలో ఉన్నాయి, ఉదయమే నివేదికలు అడిగే వాట్సాప్ సందేశాల కింద నలిగిపోతున్నాయి. బాలురకు, బాలికలకు వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలని కూడా ఆ షెడ్యూలులో ఉన్నది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని పాఠశాలలలో ఆరు నెలలలోగా మరుగుదొడ్లు కట్టాలని ఆదేశించింది. ఆ తరువాత కట్టడాలు చాలా వచ్చాయి. నేను విశ్రాంతి తీసుకొనేనాటికి పరిస్థితి నా తొలి దినాలకన్నా మెరుగుపడింది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఉపాధ్యాయినుల కొరకు ప్రత్యేకంగా ఒక్క మాట ఆ షెడ్యూలులో లేదు. గోడలు లేచినంత వేగంగా నీటి కొళాయిలు రాలేదు. కట్టినదానిని రోజూ కడిగేవారెవరన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు. ఇన్ని లోపాలను అలా ఉంచి, శ్వాసను గమనించండి, ఓర్పు పెంచుకోండి అని ఉపాధ్యాయులకు బోధించడం నాకు న్యాయంగా తోచదు. ఓర్పు మంచి గుణమే. చరకుడు ఉత్తమ గురువు లక్షణాలు చెప్పేటప్పుడు కోపం లేనివాడు, కష్టసహిష్ణువు, శిష్యవత్సలుడు అని చెప్పాడు. అయితే కష్టసహనమంటే మూత్రాన్ని పదకొండు గంటలు బిగబట్టుకోవడం కాదని ఆ ఆచార్యుని ఏడవ అధ్యాయమే సాక్ష్యం చెబుతున్నది.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఉపాధ్యాయులు లేని ఇల్లు ఉండవచ్చు గాని, బడికి వెళ్ళే పిల్లలు లేని ఇల్లు అరుదు. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కులు అడగండి, హాజరు అడగండి. దానితోపాటు, టీచరమ్మలు మధ్యాహ్నం ఎక్కడికి వెళతారని కూడా అడగండి. అందులో నీళ్ళు వస్తున్నాయా అని అడగండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా కనుక్కోండి.